దీవుల పెద్దాయన పళ్ళెం

మా కింది వాటాలో ఉండే లావణ్య పోయిన నెల ఒక పెద్ద కంపెనీ ఆయన ఇంట్లో వంటకి కుదిరింది. నాలుగో రోజే పైకి వచ్చి నా సోఫాలో కూలబడింది.

"ఆంటీ, మీరు ఆరేండ్లు అంబాసిడర్ ఇంట్ల వండిన్రంట గద. నాకైతే అక్కడ కాళ్లు వణుకుతున్నయ్. వంట వస్తది గానీ, ఆ పెద్దోళ్ల నడుమ ఎట్ల మసులుకోవాల్నో తెలుస్తలేదు. జర చెప్పండి, ఫోన్ల రికార్డ్ చేసుకుంట."

రికార్డ్ వద్దన్నాను. నోటితో చెప్పమంటే నవ్వించే సంగతులన్నీ చెప్పి, చెప్పవలసినదాన్ని దాటేస్తాను. ఇన్నాళ్ళూ అదే చేశాను. అందుకని కాగితం మీద పెడుతున్నాను. నేను చదివింది ఐదో తరగతి. వాక్యం వంకర పోతే సర్దుకోండి. జ్ఞాపకానికి మాత్రం వంకర లేదు. ఏ రోజు ఎవరికి ఏం వడ్డించానో, ఎవరు ఏం వదిలేశారో ఇప్పటికీ చెప్పగలను.

జీతమెంత, సెలవులెన్ని అని మాత్రం అడక్కు లావణ్యా. అవి ఇంటింటికీ మారతాయి.

చామదుంపల పులుసు

డెబ్బైల చివర్లో నేను న్యూజెర్సీ వచ్చింది డాక్టర్ మూర్తి గారి పిల్లల్ని చూసుకోవడానికి. ఆయన భార్య శారద నాకు పిన్ని కూతురి వరస. అప్పటికి నా భర్త పోయి రెండేళ్ళు. పిల్లలు లేరు. రమ్మంటే వచ్చేశాను.

ఇప్పటి ఓక్ ట్రీ రోడ్డు ఇండియన్ కొట్లు అప్పుడు లేవు. కరివేపాకు దొరికితే నాలుగిళ్ళవాళ్ళం పంచుకునేవాళ్ళం. చామదుంపలు, కర్రపెండలం, కొబ్బరికాయలు కావాలంటే కరీబియన్ వాళ్ళ కొట్టుకి డ్రైవ్ చేసుకుని వెళ్ళాలి. శారద విసుక్కుంటూనే తీసుకెళ్ళేది.

డాక్టరు గారి పేషెంట్లలో టెమాలు గారని ఒక పెద్దాయన ఉండేవారు. పసిఫిక్ సముద్రం నడిమధ్య, కొత్తగా స్వతంత్రం వచ్చిన చిన్న దీవుల దేశం ఆయనది. ఆ దేశానికి అంబాసిడర్‌గా న్యూయార్క్‌లో, ఐక్యరాజ్యసమితి దగ్గర గొంతు ఆయనే. నది ఇవతల న్యూజెర్సీలో ఇల్లు అద్దెకి తీసుకుని, మేనకోడలు లోటితో ఉండేవారు. లోటి ఆయనకి సెక్రటరీ, డ్రైవరు, టైపిస్టు అన్నీ. వాళ్ళ దేశానికి ఇక్కడ ఉన్న మనుషులు ఆ ఇద్దరే. ఆయన భార్య దీవుల్లోనే కన్నుమూసింది.

ఒక ఆదివారం డాక్టరు గారు ఆయన్ని భోజనానికి పిలిచారు. నేను చామదుంపల పులుసు పెట్టాను. ఆయన ఒక ముక్క నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, కదలకుండా కూర్చున్నారు. పులుపు ఎక్కువైందేమో అని నా ప్రాణం పోయింది.

"ఇది మా అమ్మ దుంప," అన్నారు ఇంగ్లీషులో. "ఈ దేశంలో ఇది ఎవరూ తినరనుకున్నాను."

నేను మళ్ళీ వడ్డించాను. మళ్ళీ వడ్డించాను. గరిటె నాలుగోసారి వెళ్ళేసరికి ఆయన రెండు చేతులూ పళ్ళెం మీద అడ్డం పెట్టి డాక్టరు గారి వైపు చూశారు. "ఈవిడని ఆపడానికి మీ భాషలో ఏమనాలి?"

"చాలు అనండి. విన్నా ఆగదనుకోండి," అన్నారు డాక్టరు గారు.

"చాలు," అన్నారు పెద్దాయన. ఆయన నేర్చుకున్న మొదటి తెలుగు మాట అదే.

డాక్టరు గారి పిల్లలు ఫుల్ టైమ్ స్కూలుకి వెళ్ళే ఏడు రాగానే టెమాలు గారు నన్ను తమ ఇంట్లో వంటకి అడిగి తీసుకెళ్ళారు. శారద నెల రోజులు మొహం మాడ్చుకుంది. తర్వాత తనే ప్రతి ఆదివారం వచ్చి, నన్ను కరీబియన్ కొట్టుకి తీసుకెళ్ళి దింపేది.

ఆయన ఇంగ్లీషు బడిపంతులి ఇంగ్లీషు. రాజకీయాల్లోకి రాకముందు పిల్లలకి లెక్కలు చెప్పేవారట. నాది వంటింటి ఇంగ్లీషు. మా మాటలన్నీ తెలుగులోనే రాస్తున్నాను.

గిన్నెలు ఖాళీ అయిన రోజు

మొదటి విందులోనే తప్పు చేశాను. పదిమందికి పదిమంది కొలత పెట్టి వండాను. ఒక్క మెతుకు మిగల్లేదు. మన ఇళ్ళల్లో గిన్నె ఖాళీ అయితే వండినావిడకి పండగ కదా. నేను చెంగు దోపుకుని గర్వంగా నిలబడ్డాను.

అతిథులు వెళ్ళగానే పెద్దాయన వంటింట్లోకి వచ్చి గిన్నెలన్నీ మూతలు తీసి చూశారు. మొహం నల్లబడింది.

"రత్నా, నా దేశం పేదదని అందరికీ తెలుసు. ఇవాళ నువ్వు రుజువు చేశావు."

నాకు అర్థం కాలేదు. లోటి విడమరిచి చెప్పింది. వాళ్ళ దీవుల్లో అతిథి ముందు తినగలిగినదానికి మూడింతలు పెట్టాలి. అతిథి పళ్ళెంలో ఒక ముక్క కావాలని వదిలేస్తాడు. నువ్వు పెట్టింది నా కడుపు కన్నా పెద్దది అని దాని అర్థం. మిగిలింది పొట్లాలు కట్టి అతిథుల చేతికివ్వాలి. ఆ రోజు అదే పద్ధతి ఉన్న పక్క దీవుల దేశాలవాళ్ళు ముగ్గురు వచ్చారు. వదలడానికి ముక్క లేక, పట్టుకెళ్ళడానికి పొట్లం లేక, మొహాలు చూసుకుని వెళ్ళిపోయారట.

తర్వాతి విందుకి మూడింతలు వండాను. తినడం అవగానే దీవులవాళ్ళు ఫాయిల్ కాగితాల్లో పొట్లాలు కట్టుకుంటుంటే, పక్కన కూర్చున్న అమెరికా ఆవిడ నెమ్మదిగా అడిగింది, వాళ్ళింట్లో కుక్క ఉందా, ఇదంతా దానికేనా అని. లోటి నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది. ఆ పిల్ల నా ముందు నవ్వడం అదే మొదలు. అంతకుముందు నన్ను చూస్తే గుమ్మం దగ్గర ఆగిన పోస్టుమాన్‌ని చూసినట్టు చూసేది.

లావణ్యా, కొత్త ఇంట్లో నీ మర్యాదే మర్యాద అనుకోకు. వాళ్ళకి ఏది పరువో, ఏది పరువు తక్కువో మొదటి వారంలోనే అడుగు. అడిగితే చిన్నబోవు. అడక్కపోతే ఆ ఇంటాయన చిన్నబోతాడు.

పళ్ళేలు చూడటం

పెద్దాయన దేవుడేం కాదు. కోపం ముక్కు మీదే ఉండేది. పేపర్లో తన దేశం పేరు తప్పుగా పడితే ఆ పేపరు నేలకేసి కొట్టేవారు. షుగరు జబ్బు మనిషై ఉండి, బీరువాలో ఫైళ్ళ వెనక తియ్యటి పాలడబ్బా దాచుకునేవారు. ఒకరోజు అది నా కంటపడి డాక్టరు గారికి చెప్పాను. సాయంత్రానికి తుఫాను.

"ఈ ఇంట్లో తిన్నది, ఈ ఇంట్లో విన్నది గుమ్మం దాటకూడదు. తెలిసిందా?"

"డాక్టరు గారు గుమ్మం బయట మనిషా సార్?"

"డాక్టరు లోపలే," అన్నారు ఆయన. "మిగతా అందరూ బయట." ఆ మాట నాకు ఎంత స్పష్టంగా చెప్పారో చూడండి. ఇది గుర్తుపెట్టుకోండి.

ఆయనతో పని చేయడంలో నాకు బాగా ఇష్టమైంది ఒకటుంది. మధ్యాహ్నం విందు అయిపోగానే, చేతిలో టీ కప్పుతో వంటింట్లోకి వచ్చి స్టూలు మీద కూర్చునేవారు. "చెప్పు. ఏం మిగిలింది?"

నేను చెప్పేదాన్ని. మూలన కూర్చున్న పొడుగాటి ఆయన చేపంతా తిన్నాడు, మీరు నౌకాశ్రయం మాట ఎత్తగానే అన్నం కెలకడం మొదలుపెట్టాడు. ఆకుపచ్చ గౌను ఆవిడ ఏమీ తినలేదు గానీ అది డైటింగ్, మొదటినుంచీ అంతే. మీ పక్కనాయన భయంగా తిన్నాడు, గబగబా తిన్నాడు. దీవులవాళ్ళు వదిలితే అది మర్యాద. ఇక్కడివాళ్ళు వదిలితే మనసు తిండి మీంచి వేరేచోటికి పోయిందన్నమాట. ఆ తేడా నేనే పట్టుకున్నాను. ఆయన వింటూ తల ఊపి, లోటితో అనేవారు, "నువ్వు టైపు చేసే రిపోర్టుల కన్నా ఇది నయం." లోటి ఉడుక్కునేది.

ఆ విందులన్నీ ఒక్కదాని కోసం. ఆ దీవుల చుట్టూ సముద్రంలో ట్యూనా ఉంటుంది. మన వైపు సూర చేప అంటాం. పెద్ద పెద్ద కంపెనీల పడవలు అడగకుండా వచ్చి వల వేసి పట్టుకుపోయేవి. దీవులవాళ్ళ చిన్న పడవలకి ఏమీ మిగిలేది కాదు. ఇకమీదట వచ్చేవాళ్ళు మా అనుమతి అడిగి రావాలి అని ఒక ఒప్పందం కావాలి. పెద్దాయనకి వేరే కోరిక లేదు. స్వతంత్రం వచ్చిన రోజు జెండాకి కర్ర దొరక్క, ఒక పడవ తెరచాప కొయ్య పీకి పాతారట. ఆ పడవ ఆయనదే. "కొయ్య ఇచ్చేశాను రత్నా. సముద్రం కూడా ఇచ్చేస్తే ఇక మాది దేశం ఎలా అవుతుంది?" అనేవారు.

పడవల కంపెనీల తరఫున మాట్లాడటానికి వచ్చే ఆయన పేరు క్రోలీ. బొద్దుగా, నవ్వుతూ ఉండేవాడు. నా చేతి వంట ఏదైనా పళ్ళెం తుడిచినట్టు తినేవాడు. "ఈయన ఎప్పుడూ ఏమీ వదలడు సార్" అంటే, "అందుకే ఒప్పందం కుదరడం లేదు" అనేవారు పెద్దాయన.

కొబ్బరిపాల పాయసం

అయిదో ఏడు, వసంతంలో, పెద్దాయన కుడికాలి వేలికి పుండు పడింది. మానలేదు. డాక్టరు గారు ఇంటికే వచ్చి కట్టు విప్పి చూసి, నాతో తెలుగులో అన్నారు. "రత్నం, వేలు తీసెయ్యాలి. నెల లోపల హాస్పిటల్లో అడ్మిట్ అవ్వాలి. ఆలస్యం చేస్తే పైకి పాకుతుంది. నువ్వైనా చెప్పు."

పెద్దాయనకి చెప్పాను. "సంతకం అవనీ. సంతకానికి మూడు వారాలే ఉంది. మర్నాడే వస్తాను," అన్నారు. క్రోలీ వైపు వాళ్ళు అప్పటికి ఇంచుమించు దారికొచ్చారు.

ఆ వారంలోనే క్రోలీ, ఆయన భార్య మధ్యాహ్నం భోజనానికి వచ్చారు. చివర్లో కొబ్బరిపాల పాయసం ఇచ్చాను. పెద్దాయనకి గిన్నెలో ఒక్క చెంచాడు వేశాను, పెట్టినట్టు కనపడటానికి. కాసేపటికి మిసెస్ క్రోలీ వంటింట్లోకి వచ్చింది. మంచి మనిషి. నా చెయ్యి పట్టుకుని ఎలా చేశావని అడిగింది. తర్వాత చిన్నగా అంది, "అంబాసిడర్ గారు అసలు ముట్టుకోలేదు. మాకు పెట్టింది ఆయనకి నచ్చదా?"

అతిథికి పెట్టింది ఇంటాయన ముట్టుకోలేదంటే ఎంత తప్పు! ఆవిడ ఏమనుకుని వెళుతుంది? ఆ మాట తుడిచెయ్యాలనే తొందరలో నోరు జారింది. "లేదమ్మా, ఆయనకి చాలా ఇష్టం. షుగరు. కాలు బాగాలేదు. వచ్చే నెల హాస్పిటల్‌లో వేలు తీస్తారు. పాపం, ఎవరికీ చెప్పుకోరు."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది. ఆవిడ చేసిన తప్పేమీ లేదు. కారులో పక్కన కూర్చున్న మొగుడితో చెప్పి ఉంటుంది. ఏ భార్య చెప్పదు?

ఎనిమిది రోజులు

తర్వాతి మంగళవారం జరగాల్సిన మీటింగ్ క్రోలీ వాయిదా వేశాడు. కాలిఫోర్నియా వెళ్ళాడట. ఆ తర్వాతది కూడా. పెద్దాయన కాలు కుర్చీ మీద పెట్టుకుని ఫోన్ దగ్గరే కూర్చునేవారు.

ఒక సోమవారం ఉదయం పళ్ళ బుట్ట వచ్చింది. మీద చిన్న కార్డు. లోటి చదివింది. 'మీ కాలు త్వరగా నయమవాలి. ఆపరేషన్ సులువుగా జరగాలని ప్రార్థిస్తున్నాను.' కింద మిసెస్ క్రోలీ పేరు.

లోటి మొహంలో రక్తం లేదు. "మామయ్యా, వాళ్ళకి తెలుసు. మీరు హాస్పిటల్‌కి పోయేదాకా సాగదీస్తున్నారు. మీ చోటికి ఇంకెవరో వస్తే మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టొచ్చని. ఎవరు చెప్పారు వీళ్ళకి?"

ఇద్దరూ డాక్టరు ఆఫీసు మనుషుల్ని అనుమానించారు. లోటి డాక్టరు గారికి ఫోన్ చేసి గట్టిగా మాట్లాడింది. నేను సింకు దగ్గర నిలబడి కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతున్నాను. "నేనే" అని రెండక్షరాలు. రాలేదు. ఉద్యోగం పోతుందని కాదు. ఆయన స్టూలు మీద కూర్చుని 'ఏం మిగిలింది' అని ఇక అడగరని.

మంగళవారం పోయింది. బుధవారం పోయింది. ఆదివారం శారద కారులో అంది, "డాక్టరు గారు వారం రోజులుగా అన్నం సరిగ్గా తినట్లేదు రత్నం. నా స్టాఫ్ అలాంటివాళ్ళు కాదు అంటారు, మళ్ళీ ఆయనే ఏమో అంటారు. ఇరవై ఏళ్ళ పేరు." నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. కొబ్బరికాయలు కొన్నాను. ఊపి చూసి, నీళ్ళున్నవే ఏరి కొన్నాను.

ఎనిమిదో రోజు, మళ్ళీ సోమవారం, లోటి కట్టు మారుస్తుంటే చూశాను. నలుపు వేలు దాటి పాదం మీదికి వచ్చింది. నా చేతిలో గరిటె అక్కడే పెట్టేసి, "నేనే చెప్పాను" అన్నాను.

లోటి లేచి నిలబడింది. "మా దీవుల్లో అయితే ఇలాంటిది చేసినవాళ్ళు తలమీద చాప కప్పుకుని ఆయన గుమ్మంలో కూర్చోవాలి. ఆయన వచ్చి చాప ఎత్తేదాకా ఎండైనా వానైనా అక్కడే. తెలుసా నీకు?"

"లోటీ, కూర్చో," అన్నారు పెద్దాయన. నా వైపు తిరిగారు. "ఏమన్నావో మాటకి మాట చెప్పు."

చెప్పాను. ఆవిడ ఏమంది, నేనేమన్నాను, ఆవిడ ఏ చెయ్యి ఎక్కడ వేసింది, అన్నీ. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

"నువ్వు చెప్పింది నిజమే," అన్నారు చివరికి. "కానీ సగమే చెప్పావు. మిగతా సగం నేను చెప్పాలి. ఎనిమిది రోజుల కింద తెలిసుంటే ఎనిమిది రోజుల కిందే చెప్పేవాణ్ణి." కేకలెయ్యలేదు. "గురువారం క్రోలీని భోజనానికి పిలువు లోటీ. నాకు ఒంట్లో బాగాలేదని, అందుకే పిలుస్తున్నానని చెప్పు. ముందు డాక్టరుకి ఫోన్ చేసి క్షమాపణ చెప్పు."

"నేను చెబుతాను సార్," అన్నాను.

డాక్టరు గారు ఫోన్‌లో అంతా విన్నారు. తర్వాత అడిగారు, "కాలు ఇప్పుడు ఎలా ఉంది రత్నం?"

మిగతా సగం

గురువారం సూర చేప పులుసు, కొబ్బరన్నం, చామదుంపల వేపుడు, పాయసం. క్రోలీ వచ్చాడు, ఒక్కడే. పెద్దాయన కాలు దాచుకోలేదు. కట్టు కట్టిన పాదం స్టూలు మీద పెట్టి, అందరికీ కనపడేలా కూర్చున్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడి పళ్ళెం చూస్తున్నాను.

"మా వంటావిడ మీ ఆవిడకి చెప్పింది నిజం," అన్నారు పెద్దాయన. "నేను ఆగలేను. మీరు ఆగగలరు. తినండి, చల్లారుతుంది."

క్రోలీ నవ్వి తినడం మొదలుపెట్టాడు.

"నా తర్వాత ఇక్కడికి ఎవరు వస్తారో కూడా మీకు చెప్పాలి కదా. ఉత్తర దీవి కుర్రాడు. చాలా తెలివైనవాడు. వాళ్ళ నాన్న చిన్న పడవలో చేపలు పడుతుంటే మీవాళ్ళ పెద్ద పడవ ఒకటి చూసుకోకుండా వచ్చి వలలన్నీ కోసుకుపోయింది. ముసలాయన ఎవర్నీ ఏమీ అడగలేదు. కొడుక్కి చెప్పుకున్నాడంతే. ఆ కుర్రాడు మీ పడవలు అనుమతి అడిగి రావాలని అనడు. అసలు రావద్దంటాడు. మా సభలో సగంమంది అతని వైపే. అతను మీతో కూర్చుని భోంచెయ్యడు మిస్టర్ క్రోలీ. నేను చేస్తాను. చేసినన్నాళ్ళు చేస్తాను."

క్రోలీ చెయ్యి ఆగింది. ఫోర్క్ మీద చేప ముక్క ఉంది. అది అలాగే పళ్ళెంలోకి దిగింది. తర్వాత ఆయన వాతావరణం గురించి మాట్లాడాడు, బేస్‌బాల్ గురించి మాట్లాడాడు. ఫోర్క్ మళ్ళీ ఎత్తలేదు.

ఆయన వెళ్ళాక పెద్దాయన స్టూలు దాకా రాలేకపోయారు. నేనే ఆయన దగ్గరికి వెళ్ళాను.

"ఏం మిగిలింది?"

ఆయన ఇంకా అడిగారు లావణ్యా. ఆ మాట నాకు ఎలా వినపడిందో రాయలేను.

"అంతా మిగిలింది సార్. పాయసం కూడా."

"అయితే సంతకం పెడతాడు," అన్నారు.

పదకొండు రోజులు పట్టింది. కంపెనీలు ఎన్నో, లాయర్లు ఎందరో. సంతకం అయిన మధ్యాహ్నం లోటి ఆయన్ని అక్కణ్ణించే తిన్నగా హాస్పిటల్‌కి డ్రైవ్ చేసింది. కారులో ఆయన ఆ కాగితం ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయారట. మర్నాడు వేలు తీసి సరిపెట్టలేకపోయారు. మోకాలి కింద దాకా తీసేశారు.

మొగలాకు చాప

నేను డాక్టరు గారిని అడిగాను. "ఎనిమిది రోజుల ముందే నేను నోరు విప్పి ఉంటే కాలు దక్కేదా?"

ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు. "చెప్పలేను రత్నం. దక్కేదేమో. దక్కకపోయేదేమో. అది తెలుసుకునే దారి లేదు."

ఇంటి ముందు గదిలో వాళ్ళ దీవుల నుంచి తెచ్చిన చాప ఒకటి ఉండేది. మొగలి ఆకులతో అల్లినది, ఎండకి తేనె రంగు తేలింది. నాలుగో రోజు పొద్దున్న దాన్ని చుట్టి చంకలో పెట్టుకుని బస్సెక్కాను. హాస్పిటల్లో ఆయన గది బయట, గుమ్మం పక్కన నేలమీద కూర్చుని, చాప తలమీద కప్పుకున్నాను.

ఒక నర్సు వచ్చి ఏదో అంది. లోటి గొంతు వినపడింది. "ఆవిడని ఉండనివ్వండి. ఇది మా పద్ధతి." మా పద్ధతి అంది. నన్ను కూడా కలుపుకుందో, వాళ్ళనే అనుకుందో తెలియదు.

చాప కిందనుంచి చెప్పులు, బండ్ల చక్రాలు కనపడేవి. మధ్యాహ్నం భోజనాల బండి లోపలికెళ్ళింది, బయటికొచ్చింది. అల్లిక సందులోంచి చూస్తే ఆయన ట్రే మీద మూత తీసిన గుర్తు లేదు. నాకు అలవాటు కదా, అదీ చూశాను. అప్పుడు తట్టింది. చాప ఎత్తాల్సింది ఆయన. లేచి రావడానికి కాలు లేని మనిషి గుమ్మంలో వచ్చి కూర్చున్నాను నేను. ఇంత తెలివితక్కువ పని ఎవరైనా చేస్తారా? లేచి వెళ్ళిపోదామా అంటే, అది ఇంకా తప్పు. అలాగే కూర్చున్నాను.

లోపల మాటలు వినిపించాయి. లోటి అంటోంది, "మామయ్యా, మీ బదులు నేను ఎత్తనా?"

"నువ్వెవరు ఎత్తడానికి? కుర్చీ తెమ్మను."

నర్సు పరిగెత్తింది. ఆపరేషన్ అయినప్పటినుంచీ మంచం దిగమని మూడు రోజులుగా వాళ్ళు బతిమాలుతున్నారట, దిగలేదట, గోడవైపు తిరిగి పడుకున్నారట. ఇవి లోటి తర్వాత చెప్పింది. నాకు వినపడింది మంచం కిర్రుమన్న చప్పుడు, ఇద్దరు మనుషుల ఆయాసం, ఒక బూతు. దీవుల భాషే గానీ బూతని తెలుస్తూనే ఉంది. తర్వాత చక్రాలు నా ముందు ఆగాయి. చక్రాల మధ్య ఒక్క పాదం.

చాప లేచింది. వెలుతురు కళ్ళల్లో పడింది. ఆయన చాలా చిక్కిపోయారు. గడ్డం మాసింది. నా మొహం చూసి, తెలుగులో అన్నారు.

"చాలు, రత్నా. చాలు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నా చుట్టుపక్కల నేలంతా వెతికి చూశారు.

"క్యారేజీ ఏది?"

తేలేదు. అన్నేళ్ళలో ఆయన దగ్గరికి ఒట్టి చేతులతో వెళ్ళడం అదే మొదటిసారి. ఆ మాటే చెప్పాను.

"మూడు రోజులనుంచి ఇక్కడ నాకు ఉడకబెట్టిన బంగాళాదుంప పెడుతున్నారు. నువ్వు చాప తెచ్చావు." లోటి వైపు తిరిగారు. "ఈవిడని ఇంటికి డ్రైవ్ చెయ్యి. సాయంత్రం లోపల వెనక్కి తీసుకురా."

చామదుంపల పులుసే పెట్టాను. డాక్టరు గారు చెప్పినంతే ఉప్పు, చెప్పినంతే అన్నం. ఐదు గంటలకల్లా వెళ్ళాం. ఆయన కుర్చీలోనే ఉన్నారు, మంచం ఎక్కించనివ్వలేదట ఎవరినీ. ఇంటినుంచి తెచ్చిన పళ్ళెంలో వడ్డించాను. రెండోసారి వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టలేదు.

అప్పటిదాకా ఆ ఇంట్లో ఆయన తన పళ్ళెంలో ఎప్పుడూ ఏమీ మిగల్చలేదు. మిగిల్చేది అతిథి కదా, ఆయన ఇంటాయన. ఆ సాయంత్రం తిని, చెయ్యి తుడుచుకుని, పళ్ళెం నాకు అందించారు. కడగడానికి సింకు దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. అంచున ఒక్క చామదుంప ముక్క, పులుసులో ముంచి, జాగ్రత్తగా పక్కకి పెట్టి ఉంది.

అది నేను పారెయ్యలేదు. అక్కడే నిలబడి తిన్నాను.